పిన్‌బాల్ క్వెస్ట్‌లో బంతి పదే పదే జారుతోందా? ముందు టీవీ సంగతి చూడు, తర్వాత చెయ్యి సంగతి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. జగదీశ్ మార్కెట్‌లో కొన్న గేమ్ స్టిక్‌ని హాల్లో ఉన్న 43 అంగుళాల ఎల్‌ఈడీ టీవీకి తగిలించావు. వేల గేముల లిస్టులో పిన్‌బాల్ క్వెస్ట్ అనే పాత నింటెండో గేమ్ కనబడింది. అందులో ఆర్‌పీజీ మోడ్‌లో, అంటే కథతో నడిచే ఆటలో, మూడో స్టేజీ దాకా వెళ్తున్నావు, బంతి జారి రెండో స్టేజీలో పడుతోంది, అక్కణ్నుంచి మళ్లీ మొదటి స్టేజీ శ్మశానంలోకి. కూడబెట్టిన పాయింట్లతో ఫ్లిప్పర్లు (కింద బంతిని కొట్టే రెండు రెక్కలు) కొనాలా, స్టాపర్ (వాటి మధ్య సందుకి అడ్డు) కొనాలా, అసలు దాచుకోవాలా అని అడిగావు. చివర్లో ఇంకో మాట రాశావు: "మా నాన్న చిన్నప్పుడు వాళ్ల బస్తీలో పిన్‌బాల్ కింగ్ అట అన్నా, ఇప్పుడు ఆయన కూడా కొట్టలేకపోతున్నారు. గేమ్ స్పీడు ఏమన్నా పెంచారా?"

అందరూ నీకు ఫ్లిప్పర్ల గురించే చెప్తున్నారు. నాకైతే నీ చివరి ప్రశ్నే అసలు ప్రశ్న అనిపించింది. మీ నాన్నగారి అనుమానం నిజం. స్పీడు పెరిగింది. ఎవరూ పెంచలేదు, కానీ పెరిగింది. ఎలాగో తర్వాత చెప్తాను. ముందు మీ హాల్లో టీవీ సంగతి తేల్చుకుందాం. అది తేలకుండా ఫ్లిప్పర్ కొన్నా, స్టాపర్ కొన్నా, బూడిదలో పోసిన పన్నీరే.

నాకు జరిగింది చెప్తాను. మా ఇంట్లో డబ్బా టీవీ ఉన్నన్నాళ్లు పిన్‌బాల్ గేముల్లో నన్ను కొట్టేవాడు లేడు. అది పాడైపోయి ఎల్‌ఈడీ టీవీ వచ్చింది. వచ్చిన రోజు నుంచి ఒక్క బంతీ నిలవలేదు. వయసు మీద పడింది, చెయ్యి మొద్దుబారింది అనుకుని గేములు అటక మీద పడేశాను. రెండేళ్లు పోయాక మా అక్క కొడుకు సెలవులకొచ్చి, అవన్నీ దించి ఆడుతూ, "మామా, బటన్ నొక్కాక ఫ్లిప్పర్ లేవడానికి టైమ్ పడుతోంది చూడు" అన్నాడు. పదకొండేళ్ల పిల్లాడు. నేను ఎలక్ట్రానిక్స్ రిపేర్లు చేసుకుని బతికేవాణ్ని. సిగ్గేసింది.

సంగతేమిటంటే, పాత డబ్బా టీవీ సిగ్నల్ వచ్చింది వచ్చినట్టే గీతలు గీస్తూ పోతుంది. మధ్యలో ఆలోచించదు. ఇప్పటి టీవీ అలా కాదు. వచ్చిన బొమ్మను ముందు దాచుకుంటుంది, సాగదీస్తుంది, నునుపు చేస్తుంది, రంగులు దిద్దుతుంది, ఆ ముస్తాబంతా అయ్యాక తెర మీద చూపిస్తుంది. సినిమాకి ఇది అడ్డం కాదు, ఎందుకంటే నువ్వు హీరో చెయ్యి ఎత్తాలని బటన్ నొక్కవు. పిన్‌బాల్‌కి మాత్రం ప్రాణం తీస్తుంది. లెక్క చూడు. ఈ గేమ్ సెకనుకి 60 బొమ్మలు వేస్తుంది, అంటే ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లు. టీవీ, స్టిక్, వైర్‌లెస్ ప్యాడ్ కలిసి 100 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే అది ఆరు ఫ్రేములు. బంతి ఫ్రేముకి నాలుగు పిక్సెళ్లు కదులుతోందనుకో, ఆరు ఫ్రేముల్లో 24 పిక్సెళ్లు. ఈ గేముల్లో బొమ్మలన్నీ 8 పిక్సెళ్ల గళ్లతో కట్టినవే, కాబట్టి మూడు గళ్లు. నువ్వు ఫ్లిప్పర్ మధ్యలో ఉన్న బంతిని కొడుతున్నాననుకుంటావు, గేమ్ లోపల ఆ బంతి అప్పటికే కొస దాటి గుంతలో పడింది. నువ్వు చూస్తున్నది దాని దయ్యాన్ని.

దీన్ని కొలవడం తేలిక. నీ ఫోన్లో స్లో మోషన్ వీడియో ఉంటుంది కదా, సెకనుకి 240 ఫ్రేములు తీసేది. ప్యాడ్ మీద బొటనవేలు, తెర మీద ఫ్లిప్పర్, రెండూ ఒకే ఫ్రేములో పడేలా ఫోన్ని ఎవరి చేతికైనా ఇవ్వు. పదిసార్లు నొక్కు. తర్వాత వీడియోని ఒక్కో ఫ్రేమూ జరుపుతూ, వేలు బటన్ని అణచిన క్షణం నుంచి ఫ్లిప్పర్ కదిలే దాకా ఎన్ని ఫ్రేములో లెక్కపెట్టు. వచ్చిన సంఖ్యని నాలుగుతో హెచ్చవేస్తే ఇంచుమించు మిల్లీసెకన్లు. 12 లోపు ఫ్రేములు వస్తే సుఖంగా ఆడుకోవచ్చు. 25 దాటితే ఆడేది నువ్వు కాదు, నీ అదృష్టం.

ఎక్కువ వస్తే ఏం చెయ్యాలి? మొట్టమొదట టీవీ సెట్టింగ్స్‌లో పిక్చర్ మోడ్‌లోకి వెళ్లి గేమ్ మోడ్ పెట్టు. చాలామంది టీవీ కొన్నప్పటి నుంచి ఆ పేజీ తెరిచి ఉండరు. ఒక్కోసారి ఆ ఒక్క మార్పుతోనే సగం రోగం కుదురుతుంది. రెండోది, ఆ స్టిక్‌తో ఇచ్చిన వైర్‌లెస్ ప్యాడ్లు పక్కన పెట్టి, వైరున్న యూఎస్‌బీ ప్యాడ్ పని చేస్తుందేమో చూడు. మూడోది, నీ దగ్గర లాప్‌టాప్ ఉందన్నావు కాబట్టి చెప్తున్నాను: పాత గేములు ఆడించే రెట్రోఆర్క్ అనే ప్రోగ్రామ్‌లో రన్ అహెడ్ అనే సదుపాయం ఉంది. ఎమ్యులేటర్, అంటే పాత మెషిన్‌లా నటించే ప్రోగ్రామ్, ఒక ఫ్రేము ముందుకి పరుగెత్తి, నీ బటన్‌కి జవాబు ముందే చూపిస్తుంది. ఒక్క ఫ్రేము చాలు, ఎక్కువ పెడితే బొమ్మ గెంతుతుంది. ఆ స్టిక్కుల లోపల ఏ ఎమ్యులేటర్ పెట్టారో, ఎలా పెట్టారో దేవుడికే తెలియాలి. అందులో ఉన్నవి లైసెన్సు గేములేం కావు, ఆ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు, అమ్మినవాడికీ తెలుసు.

లాప్‌టాప్‌లో ఆడితే ఇంకో లాభం ఉంది. శ్మశానం స్టేజీలో అస్థిపంజరాలు ఒకే వరసలోకి వచ్చినప్పుడు బంతి మిణుకు మిణుకుమనడం గమనించే ఉంటావు. అది నీ కళ్ల తప్పు కాదు. ఆ కాలం నింటెండో చిప్ ఒక అడ్డగీత మీద ఎనిమిది కదిలే బొమ్మల కన్నా ఎక్కువ వెయ్యలేదు. తొమ్మిదోది వస్తే ఎవరో ఒకరు మాయం కావాల్సిందే. అందుకని గేములు వంతులు వేసుకుని ఒక ఫ్రేములో వీణ్ని, ఇంకో ఫ్రేములో వాణ్ని చూపిస్తాయి. ఎమ్యులేటర్‌లో స్ప్రైట్ లిమిట్, అంటే ఆ ఎనిమిది బొమ్మల హద్దు, తీసేస్తే బంతి ఎప్పుడూ కనబడుతుంది. ఇది దొంగాట అనేవాళ్లు ఉన్నారు. కళ్లజోడు పెట్టుకోవడం దొంగాట అయితే ఇదీ దొంగాటే.

సరే, టీవీ కుదిరింది అనుకుందాం. ఇక చెయ్యి.

నువ్వు పెట్టిన చిన్న వీడియో చూశాను. నలభై సెకన్లలో ఫ్లిప్పర్లు డెబ్భైసార్లకి పైగా లేపావు. ఇంకా చెప్పాలంటే, రెండూ ఒకేసారి లేపుతున్నావు. కొత్తగా ఆడే ప్రతివాడూ చేసేది ఇదే. బంతి కిందికి వస్తుంటే భయం, భయమేస్తే టకటకా నొక్కడం. ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారే, అలాగ. రెండు ఫ్లిప్పర్లూ ఒకేసారి లేచినప్పుడు మధ్యలో సందు ఇంకా పెద్దదవుతుంది. కిందున్నప్పుడు రెండు కొసలూ దగ్గరగా ఉంటాయి. పైకి లేస్తే దూరంగా పోతాయి. అంటే తలుపు తీసి, రా నాయనా అని పిలుస్తున్నావు.

ఈ గేములో నేర్చుకోవాల్సింది కొట్టడం కాదు, పట్టడం. మా చిక్కడపల్లి గ్యాంగ్‌లో దీన్ని "ఒళ్లో కూర్చోబెట్టడం" అనేవాళ్లం. బంతి కుడి వైపు నుంచి మెల్లగా దొర్లుకుంటూ వస్తోంది అనుకో. కుడి ఫ్లిప్పర్ లేపి, బటన్ వదలకుండా అలాగే పట్టుకో. లేచిన ఫ్లిప్పర్‌కీ పక్క గోడకీ మధ్య ఒక ఒడి ఏర్పడుతుంది. బంతి అందులోకి దొర్లి, ఒకటి రెండుసార్లు అటూ ఇటూ ఊగి, ఆగిపోతుంది. అప్పుడు ఊపిరి పీల్చుకో. మంచినీళ్లు తాగు. ఫోన్ వస్తే మాట్లాడు. బంతి ఎక్కడికీ పోదు. ఇప్పుడు పైకి చూడు: ఎవర్ని కొట్టాలి, ఏ అస్థిపంజరం ఎటు నడుస్తోంది. చూశాక బటన్ వదులు. ఫ్లిప్పర్ వాలుతుంది, బంతి దాని మీదుగా కొస వైపు దొర్లడం మొదలుపెడుతుంది. ఆ దొర్లే దారిలో ఎక్కడ కొడితే ఎటు పోతుందన్నదే మొత్తం విద్య. మొదట్లో, మూలకి దగ్గరగా ఉన్నప్పుడే కొడితే అదే వైపు పైకి పోతుంది. కొస దాకా రానిచ్చి కొడితే అడ్డంగా అవతలి వైపుకి పోతుంది. కుడి ఫ్లిప్పర్ కొస మీద కొట్టింది ఎడమ పక్కకి, మూల దగ్గర కొట్టింది కుడి పక్కకి. ఇంతే. ఇది నిజం పిన్‌బాల్ బల్ల మీదా ఇంతే, ఇక్కడా ఇంచుమించు ఇంతే.

పట్టు ఎందుకంత ముఖ్యమో చెప్తాను. ఆ కాలం నింటెండో మెషిన్‌లో ఉన్నది 6502 జాతి ప్రాసెసర్, 1.79 మెగాహెర్ట్జ్. దానికి గుణకారం, భాగహారం నేరుగా చెయ్యడం రాదు, కూడికలూ తీసివేతలే. అందుకని ఆ కాలం ప్రోగ్రామర్లు బంతి గమనాన్ని నిజం భౌతికశాస్త్రం లెక్కలతో కాకుండా, ముందే రాసిపెట్టుకున్న చిన్న చిన్న పట్టికలతోనూ కూడికలతోనూ నడిపేవారు. దీనివల్ల మనకేంటి లాభం? బంతి ఒకే చోట నుంచి, ఒకే ఫ్రేములో కొడితే ఒకే దారిలో పోతుంది. మనసు మార్చుకోదు. నిజం బల్ల మీద దుమ్ము, మైనం, పాతబడిన రబ్బరు, ఇవన్నీ ఉంటాయి. ఇక్కడ అవేమీ లేవు. ఎగిరొచ్చే బంతిని కొడితే అది ఏ కోణంలో, ఎంత వేగంతో వచ్చిందో నీకు తెలీదు, కాబట్టి ఎటు పోతుందో కూడా తెలీదు. ఆపి కొడితే మొదలయ్యే చోటు ప్రతిసారీ ఒకటే. అప్పుడు నీ తప్పు నీకు కనబడుతుంది: ఇందాక త్వరగా కొట్టాను, ఈసారి రవ్వంత ఆగుదాం. నేర్చుకోవడం అనేది అప్పుడు మొదలవుతుంది. క్యారమ్స్ ఆడావు కదా? స్ట్రైకర్ని గీత మీద పెట్టి, గురి చూసి కొడతావు. కదులుతున్న స్ట్రైకర్ని గాల్లో కొట్టమంటే ఎవడైనా కొట్టగలడా?

వేగంగా వచ్చే బంతి ఒళ్లో ఆగదు, ఎగిరిపోతుంది అంటావు. నిజమే. దానికి రెండో కిటుకు: ఏమీ చెయ్యకు. కుడి ఫ్లిప్పర్ మీదికి వేగంగా వస్తున్న బంతికి ఫ్లిప్పర్ దించే ఉంచు. అది దాని మీద పడి, తగ్గిన వేగంతో గెంతి, ఎడమ వైపుకి పోతుంది. అక్కడ ఎడమ ఫ్లిప్పర్ లేపి పట్టుకో. ఈ ఏమీ చెయ్యకపోవడం అన్నది నాకు రావడానికి నెల పట్టింది. వేలు వినదు. నేనైతే ఎడమ చెయ్యి తొడ కింద పెట్టుకుని కొన్నాళ్లు ఒంటి చేత్తో ఆడాను, మా ఆవిడ నవ్వినా సరే.

ఇవన్నీ ఆర్‌పీజీ మోడ్‌లో నేర్చుకోవాలనుకోకు. అదే కార్ట్రిడ్జ్‌లో మామూలు బల్లలు మూడున్నాయి: పాప్! పాప్!, వివా! గోల్ఫ్, సర్కస్. వారం పాటు పాప్! పాప్! ఆడు. స్కోరు చూడకు. ఒక్కో ఆటలో బంతిని ఎన్నిసార్లు ఒళ్లో ఆపగలిగావో కాగితం మీద గీతలు పెట్టుకో. సర్కస్ మీద నాకు పెద్ద ఇష్టం లేదు, గోల్ఫ్ సరదాగా ఉంటుంది కానీ నీకు ఇప్పుడు అక్కర్లేదు.

ఇప్పుడు నువ్వడిగిన డబ్బు సంగతి. ఈ గేము 1989లో జపాన్‌లో, తర్వాతి ఏడాది అమెరికాలో జాలెకో కంపెనీ పేరు మీద వచ్చింది. పిన్‌బాల్‌కీ ఆర్‌పీజీకీ ముడి వెయ్యడం అప్పటికి కొత్త ఆలోచన. రాకుమారిని రాక్షసుడు ఎత్తుకుపోతాడు, కాపాడే వీరుడు ఎవరయ్యా అంటే, గుండ్రటి బంతి. కత్తి లేదు, కాళ్లు లేవు. ఆరు స్టేజీలు. మామూలు పిన్‌బాల్‌లో స్కోరు గొప్ప చెప్పుకోవడానికి. ఇక్కడ స్కోరే నీ జేబులో డబ్బు. స్టేజీల మధ్య దుకాణంలో ఆ పాయింట్లు పెట్టి సరుకు కొనాలి. అంటే కొన్న ప్రతిసారీ నీ స్కోరు తగ్గుతుంది. చిన్నప్పటి నుంచి "హై స్కోర్, హై స్కోర్" అని పెరిగిన మనకి ఇది మింగుడుపడదు, పెళ్లికని దాచిన బంగారం తియ్యాల్సి వచ్చినట్టు ఉంటుంది. దాచుకోకు. చివరికి స్కోరు ఎంతుంటే ఏం, రాకుమారి రాకపోతే?

ఇంకో తేడా, దీన్ని చాలామంది పట్టించుకోరు. మామూలు పిన్‌బాల్‌లో బంతి జారితే ఒక ప్రాణం పోతుంది. ఇక్కడ బంతి జారితే కింది స్టేజీలో పడుతుంది. ఇది వైకుంఠపాళి. నిచ్చెనలు కష్టపడి ఎక్కుతావు, పాము ఒక్క కాటుతో దించుతుంది. కాబట్టి నీ శత్రువు పైన తిరిగే రాక్షసుడు కాదు, కింద రెండు ఫ్లిప్పర్ల మధ్య ఉన్న సందు. ఈ ఒక్కటి ఒప్పుకుంటే ఏం కొనాలో నీకే తెలుస్తుంది. స్టాపర్ అంటే ఆ సందుకి అడ్డు. బలమైన ఫ్లిప్పర్ అంటే దెబ్బకి బలం. పట్టు రానివాడికి బలమైన ఫ్లిప్పర్ ఇస్తే బంతి ఇంకా వేగంగా పైకెళ్లి, ఇంకా వేగంగా కిందికొస్తుంది, ఇంకా త్వరగా పాము నోట్లో పడతాడు. అందుకని నా సలహా: ఇప్పుడు నువ్వున్న దశలో ముందు స్టాపర్. పది బంతుల్లో ఆరింటినైనా ఒళ్లో ఆపడం వచ్చాక ఫ్లిప్పర్లు. పైన కామెంట్‌లో ఇంకొకాయన "డైరెక్టుగా ఖరీదైన ఫ్లిప్పర్ కొనెయ్, బాసులు తొందరగా చస్తారు" అని రాశారు. ఆయన చేతికి అది నిజమే. ఆయన పట్టు వచ్చినవాడు, వచ్చినట్టు ఆయనకి గుర్తులేదు అంతే.

దుకాణంలో కొనే బదులు దొంగిలించే వీలు కూడా ఉంది. 1989లో నింటెండో గేములో దొంగతనం! చిన్నపిల్లల గేములో ఇలాంటివి ఎలా ఒప్పుకున్నారో కానీ, నేనైతే ఒకటి రెండుసార్లు సరదాకి చేశాను తప్ప దాని మీద ఆధారపడలేదు. కూడబెట్టిన డబ్బుతో ఆడేవాడికి జూదం ఎందుకు?

జూదం అంటే గుర్తొచ్చింది. నాంపల్లి ఎగ్జిబిషన్‌కి వెళ్లినప్పుడు నాన్న నాకొక చెక్క బల్ల కొనిచ్చారు. మేకులు కొట్టిన బల్ల, కింద అంకెల గళ్లు, పక్కన స్ప్రింగు పుల్ల. పుల్ల లాగి వదిలితే గోళీ పైకి పోయి, మేకులకి తగులుతూ ఏదో ఒక గడిలో పడేది. దాన్ని బాగటెల్ అంటారు. పిన్‌బాల్‌కి తాత అదే. స్ప్రింగు పుల్ల పెట్టిన బల్లకి 1871లో అమెరికాలో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ అనే ఆయన పేటెంట్ తీసుకున్నాడు. అప్పటి నుంచి ఇంచుమించు ముప్పావు శతాబ్దం పాటు ఆ ఆటలో మనిషి చేసేది పుల్ల లాగడం, పైకి చూసి దణ్ణం పెట్టుకోవడం. 1947లో గాట్లీబ్ కంపెనీ హంప్టీ డంప్టీ అనే బల్లకి ఫ్లిప్పర్లు పెట్టింది, అప్పుడు గానీ ఆట మనిషి చేతికి రాలేదు. న్యూయార్క్‌లో పిన్‌బాల్‌ని జూదమని 1940ల్లో నిషేధిస్తే, 1976లో గానీ ఎత్తెయ్యలేదు. అది కూడా రోజర్ షార్ప్ అనే ఆయన అధికారుల ముందు ఆడి, బంతి ఏ దారిలో పోతుందో ముందే చెప్పి చూపించాక. ఆయన కూడా గురి చూసే చూపించాడు, టకటకా నొక్కి కాదు. సరే, ఎక్కడికో వెళ్లిపోయాను.

పట్టు నేర్చుకోవడానికి సేవ్ స్టేట్ (ఆటని ఆ క్షణంలో ఉన్నదున్నట్టు దాచుకుని, మళ్లీ అక్కణ్నుంచే ఆడే సదుపాయం) వాడొచ్చా అని వేరే కామెంట్‌లో అడిగావు. వాడు, కానీ తప్పు చోట వాడకు. బాస్ ముందు సేవ్ చేసుకుని, ఓడిన ప్రతిసారీ లోడ్ చేస్తే నువ్వు నేర్చుకునేది లోడ్ బటన్ ఎక్కడుందో మాత్రమే. బంతి ఒళ్లో ఆగిన క్షణాన సేవ్ చెయ్యి. అక్కణ్నుంచి ఒకే బంతిని ముప్పైసార్లు కొట్టు. పది త్వరగా, పది మధ్యలో, పది కొస మీద. ఎటెటు పోతోందో చూసుకో. ఇలా ఒక సాయంత్రం చేస్తే, నెల రోజులు మామూలుగా ఆడిన దానికన్నా ఎక్కువ వస్తుంది. ఈ సదుపాయం మాకు ఉండి ఉంటే! మేం గంటకి ఇంత అని అద్దె కట్టి ఆడేవాళ్లం, షాపాయన గోడ గడియారం చూస్తూ ఉండేవాడు, బంతి ఒళ్లో ఆపి ఆలోచిస్తుంటే వెనకాల క్యూలో ఉన్నవాళ్లు తిట్టేవాళ్లు.

ఇది విసుగనిపిస్తే ఇదే జాతి గేములు ఇంకొన్ని ఉన్నాయి. కిర్బీస్ పిన్‌బాల్ ల్యాండ్ గేమ్ బాయ్‌కి 1993లో వచ్చింది. అంతస్తులుంటాయి, కింద పడ్డా వెంటనే చావవు, నీలాంటివాళ్లకి మెత్తటి బడి. పోకెమాన్ పిన్‌బాల్ 1999లో గేమ్ బాయ్ కలర్‌కి వచ్చింది, బంతితో కొట్టి పోకెమాన్లని పట్టడం, పెంచి మార్చడం. దాని కార్ట్రిడ్జ్‌లో ఒక ట్రిపుల్ ఏ సెల్ వేస్తే దెబ్బ తగిలినప్పుడల్లా చేతిలో వణికేది. ఎమ్యులేటర్‌లో ఆ వణుకు రాకపోతే సగం మజా పోయినట్టే. ఆట పరంగా అన్నిటికన్నా గొప్పది మాత్రం 1990లో పీసీ ఇంజన్ అనే జపాన్ గేమ్ మెషిన్‌కి వచ్చిన డెవిల్స్ క్రష్. పుర్రెలూ మంటలూ పాములూ, ఇంట్లో పెద్దవాళ్లు చూస్తే కొంచెం ఇబ్బంది. బంతి నడక మాత్రం పట్టు మీద జారినట్టుంటుంది. పిన్‌బాల్ క్వెస్ట్ బంతి దాని పక్కన కాస్త మొరటే, ఒప్పుకుంటాను. అయినా దుకాణానికి వెళ్లి ఫ్లిప్పర్లు కొనుక్కునే తమాషా నాకు ఇందులోనే నచ్చింది.

ఇక మీ నాన్నగారు.

ఆయన చిన్నప్పుడు ఆడింది పిన్‌బాల్ క్వెస్ట్ అయ్యుండదు. మన బస్తీల్లో ఉన్న మల్టీ గేమ్ క్యాసెట్లలో, కాంట్రా, మారియో పక్కన ఉండే పిన్‌బాల్ అంటే నింటెండో వాళ్లు 1984లో తెచ్చిన మామూలు పిన్‌బాల్. ఆయన్ని అడిగి చూడు: మధ్యలో ఒక గది వచ్చేదా, అందులో మారియో ఒక పలక పట్టుకుని అటూ ఇటూ పరుగెత్తుతూ పైనున్న అమ్మాయిని కాపాడేవాడా, లక్ష పాయింట్లు దాటాక ఫ్లిప్పర్లు కనబడకుండా పోయేవా అని. అవునంటే అదే. దాని ప్రోగ్రామ్ రాసింది సతోరు ఇవాటా, తర్వాత నింటెండో కంపెనీకే ప్రెసిడెంట్ అయినాయన. కనబడని ఫ్లిప్పర్లతో ఆడి నెగ్గుకొచ్చారంటే మీ నాన్నగారు ఉత్త మాటలు చెప్పట్లేదు, చెయ్యి ఉన్న మనిషే.

మరి ఇప్పుడెందుకు కొట్టలేకపోతున్నారు? అసలు ఫ్యామికామ్, అంటే ఆ నింటెండో గేమ్ మెషిన్, జపాన్, అమెరికా టీవీల కోసం చేసింది, సెకనుకి 60 ఫ్రేములు. మన దేశంలో టీవీలు పాల్ పద్ధతివి, సెకనుకి 50. మన దగ్గర అమ్మిన ఫ్యామికామ్ నకలు పెట్టెలు చాలావరకు మన టీవీలకి తగ్గట్టు 50తోనే నడిచేవి. గేమ్ లోపలి లెక్కంతా ఫ్రేముల మీదే నడుస్తుంది: ఒక ఫ్రేము, ఒక అడుగు. అంటే 60 అడుగులు వెయ్యాల్సిన సెకనులో బంతి 50 అడుగులే వేసేది. జపాన్‌లో పిల్లాడికి ఒక సెకనులో జరిగేది, ఇక్కడ మీ నాన్నగారికి 1.2 సెకన్లలో జరిగేది. పాటలు కూడా అంతే, శ్రుతి ఇంచుమించు అదే, నడక మాత్రం మందం. ఆయన చేతికి అలవాటైంది ఆ నడక. ఇప్పుడు నీ స్టిక్ 60తో నడుపుతోంది, దాని మీద టీవీ ఆలస్యం వేరే. బంతి త్వరగా వస్తోంది, ఫ్లిప్పర్ ఆలస్యంగా లేస్తోంది. రెండు వైపుల నుంచీ కొడుతున్నారు పాపం ఆయన్ని. మనం అనుకునే "పాత గేములు తేలిగ్గా ఉండేవి" అనే మాటలో సగం ఈ 50 ఫ్రేముల చలవే అని నా నమ్మకం.

దీనికి మందుంది. లాప్‌టాప్‌లో మెసెన్ గానీ ఎఫ్‌సీఈయూఎక్స్ గానీ, ఏదో ఒక ఎమ్యులేటర్ వేసుకో. రెండిటిలోనూ రీజియన్ సెట్టింగ్‌లో డెండీ అని ఒకటుంటుంది. డెండీ అంటే రష్యాలో అమ్మిన నకలు పెట్టె పేరు, అది కూడా మన పెట్టెల్లాగే 50 ఫ్రేముల జాతి. పాల్ అని ఇంకోటి కనబడుతుంది, అది యూరప్ అసలు మెషిన్ లెక్క, అది పెట్టకు, శ్రుతి కూడా మారిపోతుంది. డెండీ పెట్టి, వైరు ప్యాడ్ తగిలించి, 1984 పిన్‌బాల్ తెరిచి ఆయన ముందు పెట్టు. ఏమీ చెప్పకు. మొదటి బంతి పుల్ల లాగి వదిలే లోపే, ఆ నడక చెవిన పడగానే ఆయన మొహం చూడు.

నీ స్లో మోషన్ లెక్క ఎంత వచ్చిందో ఇక్కడే రాయి, టీవీ మోడల్ నంబరుతో సహా. నాన్నగారు లక్ష దాటితే ఆ ఫోటో కూడా.